ఈపీపీ మాత్ర ట్రయల్: కావాలని ఎండలోకి వెళ్లాలా?

నీడపట్టు:
నాకు 31 ఏళ్లు, ఈపీపీ (ఎండ తగిలితే చర్మం భరించలేనంత మండే అరుదైన జబ్బు) ఉంది. ఆరేళ్లప్పుడు మొదలైంది. ఎండలో ఆడుకుని వచ్చి, రాత్రంతా చేతులు చన్నీళ్లలో పెట్టుకుని ఏడ్చేదాన్ని. పైకి బొబ్బ కూడా ఉండేది కాదు, అందుకే పదిహేనేళ్లు ఎవరూ నమ్మలేదు. రక్తంలో ప్రోటోపోర్ఫిరిన్ (ఈ జబ్బులో పేరుకుపోయి, వెలుగు తగిలితే మంట పుట్టించే పదార్థం) ఎంతుందో చూశాకే జబ్బు పేరు తెలిసింది. ఇప్పుడు డెర్సిమెలాగాన్ మాత్ర ట్రయల్‌లో చేరమంటున్నారు. ఎండలోకి వెళ్లిన ఎంతసేపటికి తొలి చురుకు తగిలిందో రోజూ డైరీలో రాయాలట. పాతికేళ్లుగా దాక్కుని బతికినదాన్ని, కావాలని వెళ్లాలా? పైగా ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) వస్తే? చేసినవాళ్లు చెప్పండి.

వెన్నెల నడక:
నేను ఇలాంటిదే ఒకటి పూర్తి చేశానండీ. నొప్పి దాకా ఉండమని ఎవరూ అడగరు. చిమచిమ మొదలవగానే లోపలికి వచ్చేయాలి, వాళ్లకు కావలసింది ఆ తొలి హెచ్చరికే. నా మొదటి వారం డైరీలో ఏమీ లేదు, గడప దాటితేగా! తర్వాత గుమ్మంలో రెండేసి నిమిషాలు నిలబడటంతో మొదలుపెట్టాను. చేతులు వణికాయి.

ఈ మాత్ర రెండో దశ ట్రయల్‌లో 102 మంది ఉన్నారు, 16 వారాలు నడిచింది. చురుకు తగిలేదాకా పట్టే సమయం ప్లాసిబోతో పోలిస్తే 100 మి.గ్రా. వాళ్లకు సుమారు 54 నిమిషాలు, 200 మి.గ్రా. వాళ్లకు 62 నిమిషాలు ఎక్కువ పెరిగింది. ప్లాసిబో వాళ్లకూ 20 నిమిషాలు పెరిగింది. భయం కొద్దీ మన హద్దును మనమే లోపలికి జరుపుకున్నామేమో అని నాకు అనిపిస్తుంది. ప్లాసిబో వచ్చినా మీ డైరీ వృథా పోదు. అది లేకపోతే మందు పనిచేసిందని తేల్చేదెలా?

బాబు నాన్న:
మా వాడికీ ఇదే. అమ్మా, రెండు విషయాలు. ఈ మందు చర్మాన్ని నల్లబరుస్తుంది, దాంతో తమకు ఏది వచ్చిందో కొందరు ఊహించేస్తారు. ఊహించినా డైరీ మార్చి రాయకండి. రెండోది, చర్మం నల్లబడ్డా రక్తంలో ప్రోటోపోర్ఫిరిన్ తగ్గినట్టు కాదు. అది కాలేయాన్ని దెబ్బతీయొచ్చు, కాబట్టి కాలేయం పరీక్షలు మానొద్దు. ఆ ప్రోటోపోర్ఫిరిన్‌నే తగ్గించాలని చూసే బిటోపెర్టిన్ అనే ఇంకో మందు గురించీ మీ డాక్టరును అడగండి.

నీడపట్టు:
ఇద్దరికీ దండాలు. కారు అద్దం లోంచి వచ్చే వెలుగుకు కూడా నా చేతులు మండుతాయి. ఆ సమయం డైరీలో ఎక్కడ రాయాలో చెప్పలేదు. చేరే ముందు అదే అడుగుతాను.

వెన్నెల నడక:
తప్పకుండా అడగండి. నేను అడగలేదు, నెల రోజుల ప్రయాణాలు లెక్కలోకి రాలేదు.