రాతి గోడకు కన్నం పెడితే లోపలి మట్టి జారిపోతోంది

బేతంచెర్ల దగ్గర పల్లెలో పాత మట్టి మిద్దె. గోడ మందం 18 అంగుళాలు. లోపలి వరస, బయటి వరస వేర్వేరుగా పేర్చి నడుమ గులకరాళ్లు, మట్టి నింపారు. రెండు వరసలనూ కలిపి పట్టే పొడుగు రాయి ఒక్కటీ లేదు. 1993 భూకంపంలో మహారాష్ట్రలోని కిల్లారిలో వేలమందిని బలితీసుకున్నది ఇలాంటి కట్టడమే. అదురుకు వరసలు విడిపోయి పైకప్పు మట్టి జనం మీద పడింది. మనది భూకంప ముప్పు తక్కువుండే జోన్ 2 కదా అని ఊరుకోలేం, కిల్లారి అప్పటి భూకంప పటంలో అంతకన్నా తక్కువ ముప్పున్న జోన్ 1లోనే ఉండేది.

మిద్దె మీది 10 అంగుళాల చౌడు మట్టిలో 6 అంగుళాలు దించేశాం. తర్వాత రెండు వరసలనూ కలిపి పట్టేలా, నిలువున 2 అడుగులకు, అడ్డంగా 4 అడుగులకు ఒకటి చొప్పున 3 అంగుళాల కన్నాలు పెట్టి, రెండు కొసలూ వంచిన 8 ఎం.ఎం. కడ్డీతో కాంక్రీటు నింపడం మొదలుపెట్టాం. సుత్తి వాడలేదు, గడ్డపార మొనతో రాయిని కదిపి చేత్తో తీశాం.

రెండు కన్నాలు బాగానే వచ్చాయి. మూడోదాంట్లో పొడిమట్టి చక్కెర జారినట్టు ఆగకుండా జారింది. లోపల మూరెడు బోలు పడి, పైరాయి అర అంగుళం దిగింది. వెంటనే దూలాల కింద గుంజలు నిలబెట్టి పని ఆపాం. నీళ్లు చల్లితే పైపైనే తడిసింది. సిమెంటు పాలు పోస్తే అడుగు కిందనున్న సందుల్లోంచి కారిపోయాయి.

ఇలాంటి గోడలు బాగుచేసినవాళ్లు చెప్పండి: కన్నం పెట్టే ముందే నడిమి మట్టి జారకుండా దేంతో, ఎలా గట్టిపరచాలి?