తిరుపతి పాతబజారు బాగుకు ప్రజాధనం: మొదట ఏమి అడగాలి?

ప్రశ్న: గాంధీరోడ్డు వర్తకుడు, తిరుపతి

గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న మాడవీధులు, గాంధీరోడ్డు, తిలక్‌రోడ్డు, చిన్నబజారు వీధి, బేరివీధి కలిసిన పాతబజారును ప్రభుత్వ నిధులతో బాగుచేయాలని కోరుతూ మా వీధుల వర్తకులం నగరపాలక సంస్థకు ఒక వినతిపత్రం రాస్తున్నాం. సంతకాలు చేయడానికి అందరూ సిద్ధంగానే ఉన్నారు గాని, అందులో మొదట ఏమి అడగాలన్న చోటే మాకు పొత్తు కుదరడం లేదు. అలంకార దీపాలు, రాతి పలకల నేల, వీధి మొదట్లో స్వాగత ద్వారం కావాలని కొందరు అంటున్నారు. వాహనాలు నిలపడానికి బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టాలని ఇంకొందరు పట్టుబడుతున్నారు. తోపుడుబండ్లను, పూలగంపలను అక్కడినుంచి పంపించేస్తే చాలు, మిగతాదంతా దానంతటదే చక్కబడుతుందనే వాళ్లూ ఉన్నారు.

ఎవరు ఏది అడిగినా వాళ్ల వెనక ఉన్న దిగులు ఒకటే. యాత్రికులు బజారులోకి రావడం తగ్గిపోయింది. రైలు దిగినవారు స్టేషను ఎదుట విష్ణునివాసంలోనో, బస్సు దిగినవారు బస్టాండు ఎదుట శ్రీనివాసంలోనో బస చేసి, అక్కడినుంచే అలిపిరికి వెళ్లిపోతున్నారు. 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు ప్రారంభమయ్యాక బయటి ఊళ్లనుంచి కొండకు వెళ్లే వాహనాలు ఊరి నడిబొడ్డుకు రావలసిన పనే లేకుండా పోయింది. దానివల్ల రద్దీ తగ్గి ఊరికి మేలే జరిగింది, ఆ వంతెనను నేను తప్పుపట్టను. అయితే దాని మీదుగా వెళ్లేవారిలో కొందరైనా మా వీధుల వైపు తిరగాలంటే, ఇక్కడ పిల్లాపాపలతో నిమ్మళంగా నడవడానికి వీలుండాలి కదా.

నాది బాడుగ అంగడి. వీధి బాగుపడితే బాడుగ పెరుగుతుంది, అడ్వాన్సు పెరుగుతుంది, కట్టలేనివాళ్లం ఖాళీ చేయాలి. ప్రజల సొమ్ముతో జరిగే ఈ మేలు ఇక్కడ ఇన్నేళ్లు వ్యాపారం చేసినవాళ్లకు దక్కాలంటే ఏమి అడగాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత మునిసిపల్ ఇంజనీరు

అన్నిటికంటే ముందు కాలువలు అడగండి, అయ్యా. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి నది ఉన్నాయి కాబట్టి, కొండ మీద పడిన ప్రతి చినుకూ ఊరి మీదుగానే ఏటివైపు పోవాలి. 2021 నవంబరులో కపిలతీర్థం పొంగి వీధులు ఏరులై పారిన రోజుల్ని ఈ ఊరివాళ్లెవరూ మరిచిపోలేదు. అంతటి వాన ఏటా రాకపోవచ్చు, కాని మామూలు వానకు కూడా పాతవీధుల్లో అంగళ్లలోకి నీళ్లొస్తున్నాయంటే అది కొండ చేసిన తప్పు కాదు.

మీ వీధిలో ఏదైనా ఒక అంగడి ముందు కాలువ బండ ఎత్తించి చూడండి. కాలువకు అడ్డంగా ఇళ్లకు పోయే నీటి గొట్టాలు కనిపిస్తాయి, వాటికి చుట్టుకున్న పాలిథీన్ కవర్లూ పూలదండల నారా కనిపిస్తాయి, వాటి వెనక గట్టిపడిన పూడిక కనిపిస్తుంది. కార్మికులు ఆ పూడికను తీసి పక్కనే కుప్ప పోస్తారు. దాన్ని ఎత్తే బండి సమయానికి రాకపోతే తరవాతి వానకు అదంతా తిరిగి కాలువలోకే చేరుతుంది. ఇక రోడ్డు సంగతి. పాత తారును చెక్కి తీయకుండా దానిమీదే మళ్లీ మళ్లీ తారు పోసుకుంటూ పోవడంవల్ల రోడ్డు మట్టం పెరిగి, ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన అంగళ్లలోకి ఇప్పుడు దిగి వెళ్లవలసి వస్తోంది. ఈ స్థితిలో పైన రాతి పలకలు పరిస్తే నీళ్లు ఇంకా వేగంగా మీ గడపలోకే వస్తాయి.

కాబట్టి వినతిపత్రంలో పని వరసను కూడా రాయండి: ముందు వీధి మట్టాల సర్వే, ఆ తరవాత వాననీటి కాలువ, మురుగు గొట్టం, మంచినీటి గొట్టం, కరెంటు తీగలకూ ఇంటర్నెట్ కేబుళ్లకూ విడివిడిగా గొట్టాలు, ఇవన్నీ పూర్తయి సంబంధిత శాఖలన్నీ సంతకం చేశాకే పైనేల. ఈ వరస తప్పి పైపని ముందు చేస్తే మరుసటి ఏడాదే ఏదో ఒక శాఖ వచ్చి తవ్వుతుంది, తవ్విన చోట వేసిన అతుకు మొదటి వానకే కుంగుతుంది. దీపాలు, స్వాగత ద్వారం చివర్లో పెట్టుకోవచ్చు. మరుగుదొడ్లను మాత్రం చివరికి నెట్టకండి. ఆడవాళ్లు సాయంత్రందాకా బజారులో తిరగగలగడం వాటిమీదే ఆధారపడి ఉంటుంది.

జవాబు: పద్దుల మనిషి

స్థానిక సంస్థల ఆడిట్‌లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఇంజనీరుగారి మాట అక్షరాలా సరైనదే, అయితే కట్టడానికి డబ్బు ఎవరిస్తారు, కట్టినదాన్ని పోషించడానికి డబ్బు ఎవరిస్తారు అనే రెండు ప్రశ్నలూ వేర్వేరు. తిరుపతి 2016 సెప్టెంబరులో స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. ఆ పథకం కింద కేంద్రం ఒక్కో నగరానికి ఐదేళ్లలో 500 కోట్లదాకా ఇస్తే, రాష్ట్రమూ నగరపాలక సంస్థా కలిసి అంతే మొత్తం జతచేయాలి. గడువు పలుమార్లు పెరిగి, 2025 మార్చి 31తో పథకం ముగిసింది. ఆ డబ్బుతో కట్టినవన్నీ ఉంటాయి, వాటి కరెంటు బిల్లూ మరమ్మతూ మాత్రం నగరపాలక సంస్థ సాధారణ నిధి మీద పడతాయి.

టీటీడీ ఇస్తుంది కదా అని చాలామంది అనుకుంటారు. శ్రీనివాస సేతుకు అయిన దాదాపు 650 కోట్లలో సుమారు మూడింట రెండు వంతులు టీటీడీ భరించిన మాట నిజమే. కాని 2023 అక్టోబరులో తన వార్షిక బడ్జెట్‌లో 1 శాతాన్ని ఏటా తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని పాలకమండలి తీర్మానించినప్పుడు, భక్తుల కానుకలను ఊరి పనులకు మళ్లించడం తగదని అభ్యంతరాలు వచ్చాయి, రాష్ట్ర ప్రభుత్వం ఆ తీర్మానాన్ని ఆమోదించలేదు. ఆ ఏటి బడ్జెట్ దాదాపు 4,400 కోట్లు కాబట్టి అది 44 కోట్ల మాట. యాత్రికుల రాకపోకలవల్ల ఊరిమీద పడే భారంలో టీటీడీ పాలుపంచుకోవడం న్యాయమేనని నా అభిప్రాయం, కాని మీ వినతిపత్రాన్ని దానిమీద ఆధారపడేలా రాయకండి.

నిలకడగా వచ్చే ఆదాయం ఆస్తిపన్నే. మన రాష్ట్రంలో 2021 ఏప్రిల్ నుంచి పన్నును బాడుగ విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు, ఏటా పెంపు 15 శాతం మించకూడదన్న పరిమితీ ఉంది. అంటే మీ వీధి బాగుపడి స్థలాల విలువ పెరిగితే పన్నూ కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఆ పెరిగిన భాగాన్ని కొన్నేళ్లపాటు అదే వీధుల కాలువలకు, దీపాలకు, పారిశుద్ధ్యానికి కేటాయిస్తూ ప్రత్యేక పద్దు పెట్టాలని కౌన్సిల్‌లో తీర్మానం కోరండి. అమెరికాలో కాలిఫోర్నియా 1952లోనే ఇలాంటి ఏర్పాటు మొదలుపెట్టింది. చివరికి పెరిగిన పన్నంతా ఆ ప్రాంతాలకే కట్టుబడిపోయి బడులకూ ఇతర సేవలకూ కొరత వస్తోందన్న విమర్శ బలపడి, 2012లో ఆ ఏర్పాటును నడిపే పునరభివృద్ధి సంస్థలన్నిటినీ అక్కడి ప్రభుత్వమే రద్దుచేసింది. అందుకే పద్దుకు గడువూ పరిమితీ ఉండాలని కూడా అడగండి. లేకపోతే ఊళ్లోనే ఉన్న కొర్లగుంట, జీవకోన వంటి పేటలకు దక్కవలసినది మీ బజారు తినేసినట్టవుతుంది.

జవాబు: పూలమ్మిన తల్లి బిడ్డ

వర్తకులన్నకు నమస్కారం. మా అమ్మ మాడవీధిలో పూలు కట్టి అమ్మి నన్ను చదివించింది కాబట్టి, బండ్లనూ గంపలనూ పంపించేయాలన్న కోరిక మీ పత్రంలో ఉండకూడదని ఎంతో ఆశతో అడుగుతున్నాను. గుడికి వచ్చినవాళ్లు పూలకోసం, తమలపాకులకోసం, పండ్లకోసం ఆగుతారు. ఆగినవాళ్లే తల తిప్పి మీ అంగడి చూస్తారు.

చట్టం కూడా మా వైపే ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కమిషనర్ అధ్యక్షతన ఉండే పట్టణ వీధి వ్యాపారుల కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి, వారిలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. యాభై ఏళ్లకు పైగా సాగుతున్న బజారును వారసత్వ బజారుగా ప్రకటించి అక్కడివాళ్లను కదల్చకూడదని కూడా అందులో ఉంది. గోవిందరాజస్వామి గుడి వీధులకు ఆ పేరు తగకపోతే ఇంకెక్కడ తగుతుంది?

చెన్నైలో పాండీబజారును మీరందరూ చూసే ఉంటారు. 2019 నవంబరులో అక్కడ వెడల్పాటి కాలిబాటలు వేశాక నడిచేవాళ్లకు హాయిగానే ఉంది. కాని అంతకుముందే అక్కడి వీధి వ్యాపారులను ఒక మేడలోకి మార్చారు, మెట్లెక్కి వచ్చి కొనేవాళ్లు లేరని వాళ్లు మొత్తుకున్నారు. మాకు మేడ వద్దు. కాలిబాట గీసేటప్పుడే గంపకు ఇంత, బండికి ఇంత అని చోటు గీసి, ఎండకు నీడా, తాగడానికి నీళ్లూ, రాత్రి ఒక దీపమూ ఇప్పించమని మీ పత్రంలోనే రాయండి. మా వాళ్ల సంతకాలూ నేను తెస్తాను.

జవాబు: చిత్తూరు వాసి

తిరుపతికి యాత్రికులైనా ఉన్నారు. మా చిత్తూరు బజారు చుట్టుపక్కల రైతుల చేతిలో ఆడే డబ్బుతో బతికింది. 2002లో చిత్తూరు డెయిరీ మూతపడింది, సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా నిలవలేదు. పాలబిల్లు చేతికందిన రోజున బట్టల అంగడికీ కిరాణాకూ వచ్చే పల్లె జనం ఆ తరవాత పలచబడ్డారు. మా హైరోడ్డు ఇరుకన్నది అందరికీ తెలుసు, దాన్ని వెడల్పు చేయాలన్న మాటా పాతదే. వెడల్పు కావలసిందే, నేను కాదనను. కాని కొనే చేతులు లేని బజారుకు రోడ్డు ఒక్కటే ప్రాణం పోయలేదు. అందుకే వీధి మీద పెట్టే ప్రతి రూపాయితో పాటు ఆ వీధిలో అమ్ముడుపోయేదాన్ని తయారుచేసేవాళ్లకు, అంటే కుట్టుపని, కొయ్యబొమ్మలు, పిండివంటలు చేసే స్వయం సహాయక సంఘాల మహిళలకు, అక్కడే తక్కువ బాడుగకు ఒకటిరెండు గదులు కేటాయించాలని కూడా అడగమని నా సలహా.

మళ్లీ అడిగినవారు: గాంధీరోడ్డు వర్తకుడు

అందరికీ కృతజ్ఞతలు. కాలువల వరసను మొదటి పేజీలో పెడుతున్నాం. తొలగింపు కోరికను తీసేయడానికి ఒప్పుకోని వాళ్లు మాలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. చెల్లెమ్మ రాసిన చట్టం మాటలను వాళ్లకు చదివి వినిపిస్తాను. బాడుగ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. రోడ్డు వెడల్పు చేస్తే స్థలం ఇచ్చిన యజమానికి టీడీఆర్ బాండు (వదులుకున్న స్థలానికి బదులుగా ఇచ్చే నిర్మాణ హక్కు పత్రం) వస్తుంది, అందులో వ్యాపారం చేసుకునే మాకేమి వస్తుంది?

జవాబు: పద్దుల మనిషి

నిజం చెప్పాలంటే బాండు పద్ధతిలో మీకేమీ రాదు. 2013 భూసేకరణ చట్టం కింద స్థలం తీసుకుంటే, మూడేళ్లుగా అక్కడ జీవనోపాధి పొందుతున్న బాడుగదారును కూడా బాధిత కుటుంబంగా లెక్కించాలి. కాని యజమాని ఒప్పుకుని బాండు తీసుకున్నప్పుడు ఆ లెక్క ముందుకు రాదు. ప్రైవేటు బాడుగను నిర్ణయించే అధికారం నగరపాలక సంస్థకు లేదు, తాను ఇచ్చేదానికి షరతు పెట్టే అవకాశం మాత్రం ఉంది. ముందుభాగం మరమ్మతుకు సాయం, బాండు, ప్లాను మంజూరులో వెసులుబాటు, వీటిలో ఏది పొందినా ఉన్న బాడుగదారుకు ఐదేళ్ల లీజు రాసివ్వాలని, అందులో ఏటా పెంపు ఇంత అని ముందే తేల్చాలని అడగండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే సాధారణంగా రిజిస్టరు చేయించకుండా పదకొండు నెలల కాగితం రాసుకుంటారు. ఆ కాగితంతో మీకు నిలబడే హక్కు ఏమీ ఉండదు. పని మొదలయ్యాక యజమానిని కదిలిస్తే ఆయనకు పెరిగిన విలువ కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ఒప్పుకోరు. వినతిపత్రం ఇచ్చేముందే, యజమానుల సంతకాలకోసం వెళ్లినప్పుడే, లీజు మాట కూడా కలిపి మాట్లాడండి.