చూపులు చూసి ఇద్దరి మధ్య ప్రేమ ఉందని చెప్పేయొచ్చా?

ఎమ్మార్‌పల్లి అబ్బాయి:
మాది తిరుపతిలో చిన్న ఆఫీసు. కొత్తగా చేరిన అమ్మాయికీ, మా సీనియర్ ఒకాయనకీ మధ్య ఏదో ఉందని అందరూ అంటున్నారు. ఆయన రాగానే ఆమె జుట్టు సర్దుకుంటుంది, ఆయన చెప్పేది ముందుకు వంగి వింటుంది, టీకి ఇద్దరూ ఒకేసారి లేస్తారు. నాకూ నిజమే అనిపిస్తోంది. మనం చెప్పేదాంట్లో 93 శాతం మాటల్లో ఉండదని ట్రైనింగ్‌లో కూడా చెప్పారు. మీరేమంటారు?

చిత్తూరు లెక్చరర్:
ఆ 93 ఎక్కడిదంటే, ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన ప్రయోగాలది. మాటకు 7, గొంతుకు 38, ముఖానికి 55. విడి మాటలను రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి తేల్చిన లెక్క. మాట ఒకటి, ముఖం ఇంకొకటి చెబుతున్నప్పుడు మనం దేన్ని నమ్ముతామన్నదే అక్కడి ప్రశ్న. మామూలు సంభాషణలకు దాన్ని వాడొద్దని ఆయనే చెప్పాడు.

మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది 2009లో ఇండియానా యూనివర్సిటీ వాళ్లు వేసిన పరిశోధన. జర్మనీలో జరిగిన స్పీడ్ డేటింగ్ (పరిచయం లేనివాళ్లు ఒకరి తర్వాత ఒకరితో కొద్ది నిమిషాలు మాట్లాడి, నచ్చినవాళ్లెవరో చెప్పడం) వీడియోలను అమెరికా విద్యార్థులకు చూపించి, ఎవరికి ఎవరు నచ్చారో చెప్పమన్నారు. భాష రాకపోయినా, పది సెకన్ల ముక్క చూసినా, ఊరికే ఊహించే దానికన్నా బాగానే చెప్పారు. కాకపోతే మగవాళ్ల ఇష్టాన్ని కనిపెట్టినంతగా ఆడవాళ్ల ఇష్టాన్ని కనిపెట్టలేకపోయారు. చూసేది ఆడవాళ్లయినా అంతే.

పుత్తూరు కుర్రోడు:
అంటే కొంతైనా తెలుస్తుందనే కదా సార్! మా అవ్వ పెళ్లిచూపుల్లో ఓ మూల కూర్చుని చెప్పేసేది. ఒక్క సైగ పట్టుకుని కాదు, మనిషి అందరితో ఎలా ఉంటాడు, ఈ ఒక్కరి దగ్గర ఎలా మారతాడు అని చూసేది. అలా చూస్తే తప్పేముంది?

కపిలతీర్థం అక్క:
తమ్ముడూ, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు మమ్మల్ని చూడండనే కూర్చుంటారు. ఆ అమ్మాయి జీతానికి పనిచేయడానికి వచ్చింది. పని నేర్పే సీనియర్ మాట ముందుకు వంగి వినకపోతే పొగరంటారు, వింటే ప్రేమంటారు. మరి ఆ పిల్ల ఎట్లా కూర్చోవాలి? నవ్వుతూ మాట్లాడటం మా ఆడవాళ్లకు ఉద్యోగంలో సగం పని.

ఇంకో సంగతి. మన తిరుపతిలో అలిపిరి దగ్గర నిలబడినా, బస్టాండులో నిలబడినా తెలిసినవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. నిజంగా మనసు పడినవాళ్లు నలుగురిలో ఒకరినొకరు చూసుకోరు, దూరంగా కూర్చుంటారు, ‘ఏమండీ’ అని మరీ మర్యాదగా పిలుచుకుంటారు. మీరు రాసిన గుర్తులన్నీ దాచుకునే అవసరం లేని స్నేహానివిగా కనిపిస్తున్నాయి నాకు.

చిత్తూరు లెక్చరర్:
అక్క చెప్పినదానికి తోడు ఇంకొకటి. 1982లో ఆంటోనియా ఆబీ అనే పరిశోధకురాలు, పరిచయం లేని ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని ఐదు నిమిషాలు మాట్లాడుకోమంది. మరో ఇద్దరు చాటు నుంచి చూశారు. అమ్మాయి స్నేహంగా మాట్లాడితే, చూసే మగవాళ్లకు అందులో ఆకర్షణ ఎక్కువ కనిపించింది, చూసే ఆడవాళ్లకు అంత కనిపించలేదు. మీ ఆఫీసులో ఈ మాట అంటున్నవాళ్లు ఎవరు?

ఎమ్మార్‌పల్లి అబ్బాయి:
అందరూ మగవాళ్లే సార్. ఆమెకు ఈ విషయం తెలిసి ఉండదు. నా అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. ఆయనకైనా ఒక మాట చెప్పనా?

కపిలతీర్థం అక్క:
ఆయనకెందుకు? చెప్తే రేపటి నుంచి ఆ పిల్లకు పని నేర్పడం మానేస్తాడు, నష్టం ఆమెకే. నీ అనుమానం నిజమే అనుకో, అప్పుడు కూడా అది వాళ్లిద్దరూ చెప్పుకోవాల్సిన మాట. ఈ మాట వాళ్ల ఇంటిదాకా పోతే ముందు మాన్పించేది ఆమె ఉద్యోగమే. మాట్లాడుకునేవాళ్లను ఆపు నాయనా.

ఎమ్మార్‌పల్లి అబ్బాయి:
ఆపుతానక్కా. కానీ మొదలుపెట్టింది మా మేనేజరే. ఆయన ముందు ఈ మాట ఎలా ఎత్తాలో ఎవరైనా చెప్పండి.