పెరటి చప్టా మళ్ళీ కుంగింది, పాతిక వేలల్లో దారి చెప్పండి

కొబ్బరాకు (రాజోలు వైపు):
పొద్దున్నుంచి ఇదే పనండి, విసుగొచ్చేసింది. వంటింటి వెనక సిమెంటు చప్టా, పన్నెండడుగులు ఇటు, పదడుగులు అటు. ఒక మూల కుంగి బిందెడు నీళ్ళు నిలుస్తున్నాయి. నిన్న అమ్మ ఆ పాచి మీద జారింది. పక్కన గంగాళం అంచు దొరికింది కాబట్టి పడలేదు. ఇప్పటికి రెండుసార్లు పైన మాలు వేయించాను. పోయిన వేసవిలో వేసిన పూత అప్పుడే పెచ్చులుగా లేచిపోయింది. ఇవాళ నేనే గునపం పట్టుకుని కూర్చున్నాను. నాలుగు గంటలకి అరచేతులు బొబ్బలెక్కాయి, లేచింది ఒక పలక. ఒక మేస్త్రీ గారు చూసి పైన ఇంకో రెండంగుళాలు వేసేద్దాం అన్నారు. పార్కింగ్ టైల్స్ మేలా, షాబాద్ బండలు మేలా? పాతిక వేలు దాటి పెట్టలేను. వచ్చే నెల చెల్లి పురిటికి వస్తోంది.

తాపీపని:
పైన వేయించొద్దు. కింద ఏముంది?

కొబ్బరాకు:
కింద మామూలు నేలేనండి.

తాపీపని:
మన డెల్టాలో మామూలు నేలంటూ లేదు. నల్లమట్టా, ఇసకా, పూడ్చిన గుంటా?

గానుగసున్నం (రాజమండ్రి):
అసలు జబ్బు సిమెంటుదే. బిగుసుకుపోతుంది గానీ నేలతో పాటు కదలదు. నల్లమట్టి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, వానలకి ఉబ్బుతుంది. పైనున్న పలక ఆ ఊపుకి పగలక ఏం చేస్తుంది? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, సున్నం మీద కట్టిన రాయి అది. గానుగలో ఆడించిన సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి గచ్చు వేసేవారు. మా తాతగారింట్లో ఆ గచ్చు మీద పడుకుంటే మే నెలలో కూడా వీపు చల్లగా ఉండేది. ఇప్పుడు సున్నపు గానుగ ఎక్కడుందో వెతుక్కోవాలి, ఆ పని తెలిసిన చేతుల్ని వెతుక్కోవాలి. ఆ బాధ నన్ను వదలదు.

తాపీపని:
గానుగ సున్నం పాతిక వేలల్లో రాదు. నెల రోజుల్లో ఆరదు.

పశ్చిమగోదారి (భీమవరం):
మీరు చెప్పేది చప్టాయేనా? మా వైపు చప్టా అంటే బావి దగ్గర బట్టలుతికేది. పైన కప్పుంటే పంచ, కూర్చోడానికి ఎత్తుగా కడితే అరుగు.

కొబ్బరాకు:
మా ఇంట్లో దీన్ని పుట్టినప్పటి నుంచీ చప్టా అనే అంటున్నామండి. సమస్య చెప్తుంటే పేరు దగ్గర ఆగారేంటి?

పశ్చిమగోదారి:
పేరు కోసం గొడవ కాదండి. కప్పుంటే ఆ నీళ్ళు వాన నీళ్ళు కావు, ఇంకెక్కడివో వెతకాలి. అందుకే అడిగా.

కొబ్బరాకు:
కప్పు లేదు. వాన నేరుగా పడుతుంది. గిన్నెలు తోమిన నీళ్ళూ అటే పోతాయి.

తాపీపని:
ఆ ముక్క ముందే చెప్పాలి.

నీటిచుక్క (కాకినాడ):
పెరడంతా సిమెంటు చేసేస్తే వాన నీరు ఎటు పోతుందో ఎవరూ ఆలోచించరు. చప్టా సగానికి తగ్గించి, పక్కన ఇంకుడు గుంత తీయించండి. ఎండాకాలం బోరులో నీళ్ళు లేవని ఏడ్చేది మళ్ళీ మనమే కదా.

పశ్చిమగోదారి:
డెల్టాలో ఇంకుడు గుంతేంటండీ! జూన్‌లో కాలువ వదిలి ఊడ్పులైతే మా పెరట్లో నాలుగడుగులు తవ్వగానే ఊట. గుంత తీస్తే దానంతట అదే నిండుతుంది. మెట్ట ఊళ్ళ మాట ఇక్కడికి తేకండి.

నీటిచుక్క:
అన్ని చోట్లా నాలుగడుగుల్లో నీళ్ళుండవు, కాలువలు కట్టేసిన వేసవి సంగతీ చూడాలి. సరే, గుంత వద్దంటే ఆ తోమిన నీళ్ళు అరటి పాదులోకి మళ్ళించండి. చప్టా కిందికి మాత్రం దిగనివ్వకండి.

తాపీపని:
అది మంచి మాట. కొబ్బరాకు గారూ, గునపం తిరగేసి పిడి వైపుతో చప్టా అంతా కొట్టుకుంటూ రండి. ఎక్కడ ఎలా మోగిందో చెప్పండి.

కొబ్బరాకు:
కొట్టానండి. మిగతా అంతా టక్కుటక్కుమంటోంది. కుంగిన మూల మూడడుగుల మేర డోలులా మోగుతోంది.

తాపీపని:
అక్కడ చెట్టుండేదా?

కొబ్బరాకు:
ఆ, కొబ్బరి చెట్టు. గాలివానకి ఇంటి మీదకి ఒరిగితే కొట్టించేశాం, ఆరేళ్ళు దాటింది. మొదలు నేలమట్టానికి కోసి, దాని మీద కాంక్రీటు పోశాం. దానికీ దీనికీ సంబంధం ఉందంటారా?

తాపీపని:
అదే మీ జబ్బు. కొబ్బరి మొదలు లోపల కుళ్ళి పొట్టయిపోతుంది. పలక కింద గుల్ల పడుతుంది, నీళ్ళు అందులోకి దిగుతాయి, చుట్టూ మట్టి మెత్తబడి జారుతుంది. పైన మీరు ఎంత మాలు వేస్తే అంత బరువు ఆ గుల్ల మీదే. బండలేసినా, టైల్స్ వేసినా ఇంతే.

ఆ మూల పగలగొట్టి మొదలు మొత్తం తీయించండి, గట్టి మట్టి తగిలేదాకా. తీసిన మట్టి తిరిగి పోయకండి. మెట్ట నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ ఆరంగుళాలు పోయాలి, తడపాలి, దిమ్మిసతో కొట్టాలి. మళ్ళీ ఆరంగుళాలు. ఒక్కసారే నింపి పైన నాలుగు దెబ్బలు వేస్తానంటే ఒప్పుకోకండి, అక్కడే మోసపోయేది. మనిషి మడమతో తొక్కితే గుర్తు పడకూడదు. పాత చప్టా ముక్కలు బయట పారేయొద్దు, పిడికెడంత చేసి అడుగున పరవండి, కంకర ఖర్చు కలిసొస్తుంది.

మొత్తం కొత్తగా వేయాలంటే ఒక పాలు సిమెంటుకి రెండు ఇసక, నాలుగు కంకర, మూడంగుళాల మందం. మీ కొలతకి ఐదారు బస్తాల సిమెంటు. నాలుగు ముక్కలుగా వేయించండి, ఆరడుగులు ఐదడుగులు, మధ్యలో సందు. నేల కదిలితే సందు దగ్గర విరుగుతుంది, పలక నడుమ కాదు. వంటింటి గోడకీ చప్టాకీ మధ్య కూడా సందుండాలి. వాటం గోడ నుంచి బయటికి, పదడుగులకి అంగుళమున్నర. రసమట్టం చిన్నది, ఇంత దూరానికి చాలదు, నీళ్ళు నింపిన మట్టం గొట్టంతో చూడమనండి. పది రోజులు తడి ఆరనివ్వకండి, గోనెలు కప్పి తడిపితే చాలు.

డబ్బు చాలకపోతే మూల బాగు చేసి, మిగతా గట్టిగా ఉన్నది ఉంచేయండి. రెండు రంగులు కనిపిస్తాయి, అంతే. అమ్మగారు జారకుండా పైన చీపురుతో గీతలు గీయించండి. నునుపు చేయనివ్వొద్దు.

గానుగసున్నం:
ఇసక చూసుకోండి. చవగ్గా వస్తుందని సముద్రపు ఒడ్డు ఇసక తోలిస్తే ఉప్పు చెమ్మని పీలుస్తూనే ఉంటుంది, గోడ అడుగున తెల్లగా పూస్తుంది. గోదారి ఇసకైనా గాజు గ్లాసులో నీళ్ళు పోసి, గుప్పెడు వేసి కలిపి, గంట ఆగి చూడండి. ఇసక మీద మట్టి పొర మందంగా కట్టిందా, కడిగించాలి. సున్నం సంగతి మీరు వినకపోయినా ఇదైనా వినండి.

పశ్చిమగోదారి:
షాబాద్ బండలు ఇసక మీద పరుచుకుంటే కుంగినప్పుడు ఒక్క బండ లేపి సరిచేసుకోవచ్చు. నునుపు చేయని రకం తీసుకోండి. మా పంచ ముందు అలాగే ఉంది.

తాపీపని:
బండల సందుల్లోంచి తోమిన నీళ్ళు దిగుతాయి. వీళ్ళకి పనికిరాదు.

పశ్చిమగోదారి:
నీళ్ళు అరటి పాదులోకి మళ్ళిస్తారు కదా, ఇంకేం దిగుతాయి?

కొబ్బరాకు:
నాలుగు రోజులు రాలేకపోయానండి. మొదలు తీయించాం. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది, లోపలంతా తడిసిన పొట్టు, ఎర్ర చీమలు. గ్రావెల్ రెండు వరసలు కొట్టారు, మూడోది రేపు. ప్రస్తుతానికి మూల ఒక్కటే. థాంక్సండి అందరికీ. రెండో వైపు కూడా అప్పట్లో ఒక చెట్టుండేదని ఇప్పుడంటోంది అమ్మ. అటు టక్కుమనే మోగుతోంది మరి, తవ్వించాలా?