అప్‌డేట్: ఫ్లాష్‌బ్యాక్ అంతా ‘హ్యాడ్’ పెట్టాలా?

ఇంగ్లిష్‌లో పాస్ట్ టెన్స్‌లో రాస్తున్న కథ మధ్యలో ఫ్లాష్‌బ్యాక్ వస్తే ప్రతి క్రియకూ ‘హ్యాడ్’ తగిలించాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే మొదటి ఒకటి రెండు వాక్యాల్లో పాస్ట్ పర్ఫెక్ట్ (‘హ్యాడ్’ ఉన్న రూపం) ఉంచి, ఆ తర్వాత ‘హ్యాడ్’ లేని సింపుల్ పాస్ట్‌లోకి దిగిపోయాను.

‘హర్ ఫాదర్ హ్యాడ్ సోల్డ్ ద బఫెలో దట్ సమ్మర్’ అని మొదలుపెట్టాక, ‘హీ కౌంటెడ్ ద నోట్స్ ట్వైస్’ అంటే చాలు. పాఠకుడు అప్పటికే ఆ వేసవిలోకి వెళ్లిపోయాడు. ఇంకా ‘హ్యాడ్ కౌంటెడ్’, ‘హ్యాడ్ ఫోల్డెడ్’ అంటూ పోతే చదవడానికే విసుగు. ఫ్లాష్‌బ్యాక్ నుంచి అసలు కథలోకి తిరిగి రావడానికి ‘నౌ ద షెడ్ స్టుడ్ ఎంప్టీ’ అని రాశాను. ‘నౌ’ పక్కన పాస్ట్ టెన్స్ ఏంటని బడి గ్రామర్ అడ్డుపడుతుంది గానీ, కథల్లో అది మామూలే, నాకైతే భలే నచ్చింది.

సంభాషణల జోలికి వెళ్లలేదు. కొటేషన్లలో పాత్రలు మాట్లాడే టెన్స్ వాళ్లదే.

కథలో గోదావరి పారడం గురించిన వాక్యం ఒకటుంది, దాని సంగతి మిగిలింది. నది ఇప్పటికీ పారుతోంది కాబట్టి ‘ఫ్లోస్’ తప్పు కాదు. అయినా ‘ఫ్లోడ్’ అనే ఉంచాను, కథ చెప్పే గొంతు ఆ కాలంలోనే నిలుస్తుందని.