వాట్సాప్‌లో ఇచ్చిన ఆర్డర్‌ని ఆర్టీఐలో అడగొచ్చా?

కాలవగట్టు:
అందరికీ నమస్కారం అండి. మాది గోదావరి పక్కన చిన్న ఊరు. మా వీధికి డ్రైను శాంక్షన్ అయింది, పడమటి వైపు కట్టాలని గ్రామసభలో తీర్మానం రాసినప్పుడు నేను అక్కడే ఉన్నా. తీరా జేసీబీ వచ్చి తూర్పు వైపు తవ్వడం మొదలెట్టింది, ఇదేంటండీ అంటే పని చూసే ఆయన జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. స్కెచ్ ఫోటో, దాని మీద ఎర్ర పెన్నుతో ఒక గీత, కింద "ఇలా చేసేయండి" అని ఒక్క ముక్క, వచ్చింది రాత్రి 9:40కి. ఆర్డర్ అంటే అదేనంట! ఇప్పుడు గట్టి వాన పడితే పై ఇళ్ళ నీళ్ళన్నీ మా వంటింట్లోకే, అమ్మ పొయ్యి కింద నాలుగు ఇటుకలు పెట్టుకుని వండుతోంది.

మార్పు ఎవరు చెప్పారో ఆ మెసేజ్ కాపీ ఇవ్వమని ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టా. వాట్సాప్ మెసేజ్‌లు ఆఫీసు రికార్డు కాదు, అది పర్సనల్ ఫోన్ అని 28వ రోజున జవాబు వచ్చింది. నిజంగానే అడగకూడదా అండి?

పాతదరఖాస్తు:
అడగొచ్చు తమ్ముడూ, భయపడకు. చట్టంలో సెక్షన్ 2(ఎఫ్) తీసి చదువు, సమాచారం అంటే ఏ రూపంలో ఉన్నా సమాచారమే అని ఉంటుంది, ఈమెయిల్స్, లాగ్‌బుక్కులు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా అన్నీ అందులో పేరు పెట్టి మరీ రాశారు. వాట్సాప్ పేరు ఉండదు, ఎందుకంటే చట్టం 2005ది, వాట్సాప్ వచ్చింది 2009లో. 2(జె)లో ఫ్లాపీల్లో కూడా ఇవ్వమని ఉంది చూడు, అప్పటికి ఏముంటే అది రాశారు.

వాళ్ళు పట్టుకునేది ఇంకో చోట. సమాచారం ఆఫీసు దగ్గరో ఆఫీసు కంట్రోల్‌లోనో ఉండాలి అంటుంది చట్టం, ఫోన్ ఆయన సొంతది కాబట్టి మా దగ్గర లేదు అంటారు. నా వాదన ఏంటంటే ఆ మెసేజ్ పట్టుకుని ప్రభుత్వ డబ్బుతో పని చేయించారు, పని ఆఫీసుది అయినప్పుడు ఆ ఆదేశం ఆయన ఇంటి సొంతం ఎలా అవుతుంది?

జవాబు అందిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వెయ్యి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి. ఇంకోటి, దరఖాస్తు పడ్డాక అడిగిన సమాచారాన్ని చెరిపేస్తే సెక్షన్ 20 కింద జరిమానా వెయ్యొచ్చు, 25,000 దాకా. అందుకే ఇలాంటివి ఆలస్యం చెయ్యకుండా అడగాలి, ఆయన ఫోన్ మార్చాక, ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఇంక ఎవర్ని అడుగుతాం.

రిటైర్డ్_గుమాస్తా:
బాబూ, నేను ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మధ్యనే బతికాను. మా రోజుల్లోనూ పైనుంచి ఫోన్‌లోనే చెప్పేవారు, కానీ వెంటనే నోట్ ఫైల్లో ఫలానా తేదీన ఫోన్‌లో ఆదేశించారు అని రాసి, మర్నాడు పెద్దాయన సంతకం పెట్టించుకునేవాళ్ళం. రాయకపోతే రేపు ఆడిట్‌లో మెడకి చుట్టుకునేది మాకే. 2013లో టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే, అధికారులు నోటిమాట ఆదేశాల మీద పనిచేస్తూ వాటిని రికార్డు చెయ్యకపోతే సమాచార హక్కు చట్టానికి అర్థమే లేకుండా పోతుందని. అప్పీల్లో ఆ కేసు పేరు తప్పకుండా రాయి.

మెసేజ్ ఒక్కటే అడక్కు. పాత ఎస్టిమేట్, మార్చిన ఎస్టిమేట్, ఎంబీ అంటే కొలతల పుస్తకం, తీర్మానం కాపీ, ఇవన్నీ విడిగా ఇంకో దరఖాస్తులో అడుగు. బిల్లు పాసవ్వాలంటే ఎంబీ ఉండి తీరాలి, అది లేదనడం ఎవరి వల్లా కాదు. అందులో తూర్పు అని రాసి ఉండి మార్చమన్న కాగితం ఒక్కటీ లేకపోతే నీ కేసు అక్కడే నిలబడుతుంది.

శానోజే_శ్రీను:
నేను ఉండేది కాలిఫోర్నియాలో శాన్ హోజేలో, అచ్చం ఇదే గొడవ ఈ ఊళ్ళోనే జరిగింది అన్నా. డౌన్‌టౌన్ డెవలప్‌మెంట్ గురించి మేయర్, కౌన్సిల్ మెంబర్లు సొంత ఫోన్లలో, సొంత మెయిల్స్‌లో పంపుకున్నవి కావాలని 2009లో ఒకాయన అడిగితే, సొంత అకౌంట్లలో ఉన్నవి మావి కావని సిటీ ఇవ్వలేదు. కోర్టుల్లో తిరిగి తిరిగి 2017 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిలందరూ ఒకే మాట మీద తీర్పిచ్చారు, పబ్లిక్ పని గురించి రాసింది ఏ అకౌంట్‌లో ఉన్నా పబ్లిక్ రికార్డే అని. ఆ తీర్పు మన దగ్గర చెల్లదనుకోండి, కానీ ఎనిమిదేళ్ళు పట్టుకుని వదల్లేదు చూడండి, అది నాకు భలే నచ్చింది.

నీలిసిరా:
నేను కొంచెం వేరేగా చెప్తా, కోపం తెచ్చుకోకండి. మా అన్నయ్య ఒక ఆఫీసులో చిన్న ఉద్యోగి, ఆయన ఫోన్‌లోనే వదిన టెస్ట్ రిపోర్టులూ ఉంటాయి, ఆఫీసు గ్రూపులూ ఉంటాయి. ఎవరో అడిగారని ఫోన్ మొత్తం తీసి ఇవ్వమంటే ఎలా? పైగా 2025 నవంబర్ నుంచి ఆ చట్టంలో పర్సనల్ సమాచారం గురించిన సెక్షన్ 8(1)(జె) మారిపోయింది కదా, పర్సనల్ సమాచారం అంటే చాలు ఆపేయొచ్చు.

పాతదరఖాస్తు:
న్యాయమైన మాటే అమ్మా. అందుకే ఫోన్ అడగకూడదు, మెసేజ్‌లన్నీ అనీ అడగకూడదు. శ్రీను చెప్పిన కేసులో కూడా ఫోన్లు లాక్కోలేదు, ఎవరి అకౌంట్ వాళ్ళే వెతికి పబ్లిక్ పనికి సంబంధించినవి బయటపెట్టి, మిగతావి సొంతవని ప్రమాణపత్రం ఇస్తే సరిపోతుందన్నారు. ఇక 8(1)(జె) మారడం నిజమే, నాకు చాలా బాధేసిన మార్పు అది, డేటా ప్రొటెక్షన్ చట్టం పేరుతో చేశారు. కానీ 8(2) అలాగే ఉంది, ప్రజా ప్రయోజనం ఎక్కువుంటే ఇవ్వొచ్చు అంటుంది. అయినా డ్రైను ఎటు తవ్వాలి అన్నది ఎవరి పర్సనల్?

కాలవగట్టు:
అందరికీ చాలా థాంక్స్ అండి, నిన్న రాత్రి కూర్చుని మళ్ళీ రాశాను. "ఫలానా తేదీ రాత్రి డ్రైను అలైన్‌మెంట్ మార్చమని ఏ రూపంలో వచ్చిన ఆదేశమైనా, ఫోటోతో సహా, దాని ప్రింటు ఇవ్వగలరు. ఆదేశం ఫైల్లో లేకపోతే లేదని రాతపూర్వకంగా తెలపగలరు" అని పెట్టాను. ఎంబీ, ఎస్టిమేట్‌లకి విడిగా ఇంకో దరఖాస్తు. అప్పీలు కాగితం కూడా రెడీ, పొద్దున్నే స్పీడ్ పోస్ట్ చేసి రసీదు ఫోటో తీసి పెట్టుకుంటా.

రిటైర్డ్_గుమాస్తా:
ఎంబీ కాపీ ఇస్తామని ఊరుకోకు బాబూ, స్వయంగా చూస్తాను అని తనిఖీ కూడా అడుగు, మొదటి గంటకి డబ్బు తీసుకోరు. పేజీల్లో కొట్టివేతలు, వేరే ఇంకుతో దిద్దినవి జిరాక్సులో కనపడవు.