తెలంగాణ ‘స్లాంగ్’ అని రాయడం ఆపాలా, వద్దా?

సిరిసిల్ల ఆడబిడ్డ:
నిన్న ఒక సినిమా వార్తల సైట్‌లో మళ్లీ అదే మాట: ‘హీరోయిన్ తెలంగాణ స్లాంగ్‌లో ఇరగదీసింది’. స్లాంగ్ అంటే ఆకతాయి మాటలు. మా అమ్మ బతుకమ్మ పేర్చుకుంటూ మాట్లాడేది స్లాంగ్ ఎట్లయితది? కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. సర్కారుకు భాష అయింది, సినిమా రాతగాళ్లకు ఇంకా కాలేదు.

పరకాల డెస్క్:
అక్కా, నేను అలాంటి సైట్‌లోనే ఆరేళ్లుగా సబ్ ఎడిటర్‌ని. ఎవరినీ తక్కువ చేయాలని రాసే మాట కాదది. ‘పుష్ప’ వచ్చినప్పుడు చిత్తూరు స్లాంగ్ అనే రాశాం. జనం వెతికేది ఆ మాటతోనే. హెడ్డింగ్‌లో ‘మాండలికం’ అని పెడితే ఎవరూ నొక్కరు.

భూపాలపల్లి బొగ్గు:
మాండలికం వేరు, యాస వేరు. పలికే తీరు యాస. మాటలే మారితే మాండలికం. ముందు అది తేల్చండి.

సిరిసిల్ల ఆడబిడ్డ:
తమ్మీ, అయితే చిత్తూరు వాళ్లకూ అన్యాయమే చేశారు. 2023 మార్చిలో ‘బలగం’ వచ్చింది. తీసిన వేణు యెల్దండి మా సిరిసిల్ల మనిషి. చివర్లో పాడిన కొమురమ్మ, మొగిలయ్య మీ వరంగల్ జిల్లా దుగ్గొండి వాళ్లు. ఊళ్లల్లో తెరలు కట్టుకుని చూశారు, చూసి ఏడ్చారు. అంత ఏడిపించిన మాటను స్లాంగ్ అంటారా?

హన్మకొండ చౌరస్తా:
‘ఫిదా’లో సాయి పల్లవి సొంత గొంతుతో చెప్పింది. తమిళనాడులో పెరిగిన అమ్మాయి నేర్చుకుంటే మెచ్చుకున్నారు. మన పిల్లలు మాట్లాడితే సరిచేస్తారు.

పరకాల డెస్క్:
చదివేవాళ్లకు అర్థం కావాలి కదా అంటున్నాను, అంతే. ‘బలగం’ మీద రాసినప్పుడు ‘నల్లి బొక్క కోసం అలిగిన బావ’ అని రాశాను. పై ఆయన ‘మటన్ ఎముక’ అని మార్చారు. నేనూ ఒప్పుకున్నాను. కృష్ణా, గుంటూరు వైపు బొక్క అంటే రంధ్రం. మా పాఠకుల్లో ఎక్కువ మంది అటువాళ్లే.

సిరిసిల్ల ఆడబిడ్డ:
ఒప్పుకున్నావా? కంచం అంచుకు తట్టి మూలుగ జుర్రుకునేది నల్లి బొక్క. ఇంటి అల్లుడికి చేసే మర్యాద అది. ఎముక అంటే ఎక్స్‌రేలో కనబడేది. ఎముక వేయలేదని ఎవరైనా ఏండ్ల తరబడి మాటలు బంద్ చేస్తారా? గోదావరి వాళ్ల ‘ఆయ్’ మాకు ఎవరు విప్పి చెప్పారు? సినిమాలు చూసుకుంటూ నేర్చుకున్నాం.

భూపాలపల్లి బొగ్గు:
యాస అని రాయండి, అయిపోతుంది.

పరకాల డెస్క్:
అక్కా, ఉద్యోగం చేసేది నేను. హైదరాబాద్‌లో కిరాయి కట్టేది నేను. ఇంట్లో కూర్చుని భాషను కాపాడటం తేలిక.

సిరిసిల్ల ఆడబిడ్డ:
ఇంట్లో ఎందుకు కూర్చున్నానో అడుగు. 2019లో ఒక వెబ్ ఛానల్‌కు సినిమా వార్తలు చదవడానికి పోయాను. ‘వచ్చిండు’ అన్నానని కెమెరా ఆపారు. ‘వచ్చాడు’ అనమన్నారు. పదకొండుసార్లు చదివించారు, గొంతు ఎండిపోయింది. ఆఖరికి ‘వార్తలకు పనికిరావు, కామెడీ ప్రోగ్రాం ఉంది, అందులో ఇట్లనే మాట్లాడు’ అన్నారు. బస్సెక్కి వచ్చేశాను. మన భాష గురించి వార్త రాస్తారు, మన భాషలో వార్త రాయరు. బడిపలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అని కాళోజీ చెప్పింది దీని గురించే. చేతిలో కలం ఉన్న నువ్వే ఎముక అని ఒప్పుకుంటే నేనెవరిని అడగాలి?

హన్మకొండ చౌరస్తా:
అక్కా, హాస్టల్‌లో నాకూ ఇదే అయింది.

పరకాల డెస్క్:
ఇప్పుడే షిఫ్ట్ దిగాను. మీ సంగతి తెలియక అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి చెప్పండి. రేపు వార్త మొత్తం మన భాషలోనే రాస్తాననుకోండి, ఏ ఊరి మాట రాయాలి? మీ దిక్కు ‘అచ్చిండు’, మా దిక్కు ‘వచ్చిండు’. ఏది రాసినా ఇంకొకరికి తప్పే.

సిరిసిల్ల ఆడబిడ్డ:
ఇంట్లో నేను ‘అచ్చిండు’ అనే అంటాను. ఆ రోజు వాళ్ల కోసమని ముందే ‘వచ్చిండు’గా మార్చుకుని పోయాను తమ్మీ. అదీ సరిపోలేదు. నువ్వు పరకాల మాటే రాయి. ముందు ఆ నల్లి బొక్కను మళ్లీ పెట్టు.